మునగలదొడ్డి చెరువుకు పచ్చ బోర్డు

మునగలదొడ్డి వాళ్ళకు తమ తెలివి మీద గట్టి నమ్మకం. పక్క ఊళ్ళవాళ్ళకు ఒక పని చెబితే సగం చేస్తారు, సగం మరిచిపోతారు, పైగా సొంత బుర్ర కలిపి చెడగొడతారు. మునగలదొడ్డిలో అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. రవ్వంత తగ్గరు, రవ్వంత మించరు. ఆ ఊరి పెద్ద సుంకన్న ఈ మాటే మీసం మీద చెయ్యేసి రోజూ చెప్పేవాడు. తమ్ముళ్ళు ఉరుకుందు, మద్దిలేటి రోజూ తలాడించేవాళ్ళు. తెలివంటే ఇది కాదురా నాయనా అని చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఊరికి ఎగువన చిన్న చెరువు, దానికి మట్టికట్ట. ముత్తాతలు నెత్తిన గంపలు పెట్టుకుని మోసిన మట్టి అది. మోసినవాళ్ళు పోయారు. ఆ నీళ్ళు తాగి పెరిగిన మనవలు మాత్రం ఒక్క తట్ట మట్టి తెచ్చి పోసిన పాపాన పోలేదు. ఎలుకలు బొక్కలు చేశాయి, తుమ్మచెట్లు వేళ్ళు దించాయి, పశువుల గిట్టలకు కట్ట కుంగింది. ఇళ్ళన్నీ ఆ కట్ట కిందే.

ఒకరోజు పట్నం నుంచి జీపులో ఇంజనీరమ్మ వచ్చింది. షాహీన్ మేడం అంటారు. కట్టంతా నడిచి, కర్రతో బొక్కలు పొడిచి చూసి, కట్ట మొదట్లో ఎర్ర బోర్డు పాతించింది. దాని మీద 'పెద్ద ప్రమాదం, మొదటి తరగతి' అని తెల్లటి అక్షరాలు.

"మేడం, మాకొచ్చింది ఎన్నో తరగతి?" అన్నాడు సుంకన్న.

"మొదటిది, పెద్దాయనా."

"పక్కన గాజులకుంట వాళ్ళకో?"

"వాళ్ళది మూడోది."

అంతే. సుంకన్న ఛాతీ గంప బోర్లించినంత అయింది.

ఇంజనీరమ్మ అది చూడలేదు. తన పాటికి తాను చెప్పుకుపోతోంది. "కట్ట మీద చెట్లుండకూడదు, కొట్టేయండి. గడ్డి ఉండాలి. పశువులు కట్ట మీద నడవకూడదు. కింద ఊట కారుతోంది చూడండి, తేటగా వచ్చినంతవరకు భయం లేదు. బురదగా వస్తే మాత్రం లోపల కట్ట కరుగుతున్నట్టు, వెంటనే నాకు ఫోన్ చేయండి. తూము రాతి మీద ఎర్రగీత గీయించాను. నీళ్ళు ఆ గీత దాటకూడదు."

"చెట్లుండకూడదు, గడ్డి ఉండాల, పశువు నడవకూడదు, ఊట తేటగా రావాల, నీళ్ళు గీత దాటకూడదు" అని సుంకన్న పాఠం ఒప్పజెప్పాడు. "మీరు నిశ్చింతగా పోయిరండి మేడం. మేము చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులం."

జీపు మలుపు తిరిగిందో లేదో, డప్పులు మోగాయి. బోర్డుకు బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. గాజులకుంట వాళ్ళకు వినబడాలని డప్పులవాళ్ళను కట్ట ఎక్కించి మరీ కొట్టించారు. మూడో తరగతి వాళ్ళు ఏడవాలని.

ఆ సంబరంలోకే బసమ్మవ్వ దిగింది. బండమీదపల్లె ఆమెది. ఆమె మనవరాలు జయమ్మను సుంకన్న ఒక్కగానొక్క కొడుకు రంగమునికి అనుకున్నారు. తాంబూలాలు మార్చుకుందామని వచ్చింది. అవ్వకు చదువు రాదు గానీ ఎర్రరంగు చదవడం వచ్చు.

"ఏందప్పా ఆ బోర్డు?"

"మా ఊరికొచ్చిన బహుమానం అవ్వా. మొదటి తరగతి" అన్నాడు సుంకన్న.

"చదువు నాయనా, విందాం" అంది అవ్వ, రంగముని వైపు తిరిగి. పెళ్ళికొడుకు గొంతు సవరించుకుని, పద్యం చదివినట్టు రాగం తీసి చదివాడు. పెద్ద ప్రమాదం.

అవ్వ చేతిలోని తాంబూలం పళ్ళెం కింద పెట్టేసింది. "సుంకన్నా, నేను పావడా కట్టుకునే వయసులో మా ఊరి కట్ట తెగింది. మా అమ్మ నన్ను చింతచెట్టు కొమ్మ మీదికి ఎగదోసింది. తను ఎక్కేలోగా నీళ్ళొచ్చినాయి. అందుకే నా బిడ్డల్ని బండ మీద పెంచినా. ఆ ఎర్ర బోర్డు పచ్చబడిన నాడు మా పిల్లనిస్తా. వైశాఖం దాకా చూస్తా. పచ్చబడకుంటే మా దోవ మేం చూసుకుంటాం."

రంగముని ముఖం వాడిపోయింది. జయమ్మను తిరునాళ్ళలో చూసినప్పటినుంచి వాడికి అన్నం సయించడం లేదు. సుంకన్న కొడుకు ముఖం చూశాడు. "బోర్డు పచ్చబడాల, అంతే కదా అవ్వా" అన్నాడు.

మర్నాటికల్లా పచ్చబడింది. ఉరుకుందు తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా తెచ్చి, అక్షరాలు చెడకుండా బోర్డంతా పూశాడు. అవ్వను పిలిపించారు. అవ్వ బోర్డును చూసి, సుంకన్నను చూసి, మళ్ళీ బోర్డును చూసి, "పచ్చరంగు పూసిన పెద్ద ప్రమాదం అయింది" అంది. "రంగు నువ్వు మార్చేది కాదప్పా. ఆఫీసువాళ్ళొచ్చి వేరే బోర్డు పెట్టాల. ముందు కట్ట బాగు చేసుకోపో."

ఉరుకుందు బోర్డుకు మళ్ళీ ఎర్రరంగే పూశాడు. ఆఫీసువాళ్ళు రావాలంటే వాళ్ళు చెప్పింది చేయాలి. ఇంకేముంది, ఊరు ఊరంతా కట్ట మీద పడింది.

చెట్లుండకూడదు. తుమ్మచెట్లన్నీ కొట్టేశారు. ఆ కంపంతా ఎక్కడ వేయాలి? కట్ట చివర అలుగు ఉంది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే రాతి దోవ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానే పడి ఉంటుంది. ఆ ఖాళీలో కంపంతా కూరి తొక్కారు. అలుగు గురించి మేడం ఏమీ చెప్పలేదు కదా.

గడ్డి ఉండాలి. గడ్డివాములన్నీ విప్పి కట్ట పొడుగునా పరిచారు, పరుపులాగ. ఎండుగడ్డి వాసన తగిలితే పశువులు ఊరుకుంటాయా? ఊళ్ళో గొడ్డూ గోదా అంతా కట్టెక్కి మేయసాగాయి.

"అన్నా, పశువులు కట్ట మీద నడవకూడదు అంది గదా మేడం" అన్నాడు మద్దిలేటి.

"అందుకే నడవనియ్యొద్దు" అన్నాడు సుంకన్న.

"మరి మేత బీడు కట్టకు అవతల ఉండె. ఎట్లా దాటించేది?"

సుంకన్న కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆలోచించేటప్పుడు ఆయన ఎడమ చెవి పట్టుకుంటాడు. "నడవకూడదు అంది గానీ దాటకూడదు అనలేదురా. మోయండి."

అంతే. నులకమంచం తెచ్చారు. మద్దిలేటి ఎనుమును, అదే గేదెను, దాని మీద పడుకోబెట్టి తాళ్ళతో కట్టి, గట్టివాళ్ళంతా కలిసి భుజాలకెత్తుకున్నారు. ఎనుముకు ఆ మర్యాద అలవాటు లేదు. కట్ట నడిమికి రాగానే ఒక్క తాపు తన్నింది. ఇంకేముంది, మంచం, ఎనుము, మోసేవాళ్ళు అందరూ కలిసి దబ్బున పడ్డారు. మంచం కోళ్ళు మెత్తటి కట్టలోకి మూరెడు దిగబడ్డాయి.

"పశువు కాలు ఆనిందా?" అని కింది నుంచి సుంకన్న అడిగాడు.

"ఆనలేదన్నా. మంచం కాలు ఆనింది."

"మంచం పశువు కాదు లేరా. కానియ్యండి."

రోజూ అలాగే మోశారు. రోజూ పడ్డారు. కట్ట నడిమిన గుంతలు జల్లెడలా అయ్యాయి.

నాలుగు రోజులు పోయాక ఊట రంగు మారింది. అప్పటిదాకా తేటగా కారిన నీళ్ళు ఎర్రగా, చిక్కగా రావడం మొదలుపెట్టాయి. సుంకన్న భార్య ఈరమ్మ చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమయ్యో, ఊట బురదగా వస్తాంది. ఆ మేడంకు ఫోన్ చెయ్యి."

"బురదగా వస్తే ఫోన్ చేయమంది, నిజమే" అన్నాడు సుంకన్న. "తేటగా వస్తే భయం లేదనీ అంది. అట్లాంటప్పుడు ఫోన్ ఎందుకే, తేటగా రప్పిస్తే సరిపోలేదా? నీ పాత చీర ఒకటి తే."

చీరను నాలుగు మడతలేసి ఊటకు అడ్డం కట్టాడు. అంతే, నీళ్ళు కన్నీళ్ళంత తేటగా దిగాయి. బురదంతా చీరలో ఆగింది. చీర నిండినప్పుడల్లా విప్పి దులిపారు. ఆ మట్టి వెన్నలాగా మెత్తగా ఉండేసరికి ఆడవాళ్ళు గంపలతో తీసుకుపోయి ఇళ్ళకు అరుగులు మెత్తుకున్నారు. కట్ట గంపలు గంపలుగా ఇళ్ళకు తరలిపోతోంటే, మన అరుగులు ఎంత నున్నగా వచ్చాయో అని ఊరంతా మురిసిపోయింది.

ఈలోగా తుఫాను వాన పట్టింది. చెరువులో నీళ్ళు ఎర్రగీత దగ్గరికొచ్చాయి. కాపలా ఉన్న ఉరుకుందు కేకేశాడు. "అన్నా, నీళ్ళు గీత దాటేటట్టున్నాయి."

"దాటనియ్యొద్దురా."

"నా మాట వినవే."

"నీళ్ళు వినకపోతే గీతన్నా వినదా?"

ఉరుకుందుకు వెలిగింది. రంగు తెచ్చి జానెడు పైన కొత్త గీత గీశాడు. నీళ్ళు అక్కడికొస్తే ఇంకా పైన గీశాడు. రాయి అయిపోయింది. రాతి మీద వాసం నిలబెట్టి, దాని కొసన గీత గీసి, దిగొచ్చి, "ఇంక దాని తాత దాటలేదు" అన్నాడు.

గాజులకుంట రైతు ఒకడు దారిన పోతూ ఇదంతా చూసి ఇంజనీరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె వానలో తడుస్తూ వచ్చింది. గడ్డి పరుపు, మంచం గుంతలు, చీర, వాసం అన్నీ చూసింది. ఎవరినీ తిట్టడానికి కూడా టైము లేదు. ముందు తూము తలుపు పూర్తిగా ఎత్తించింది. ఊట చుట్టూ ఇసుక మూటలు పేర్పించింది. వాన తెరిపిచ్చాక కూడా అక్కడే ఉండి, చెరువు అడుగంటేదాకా నీళ్ళు వదిలించింది. ఆ గొడవలో కట్ట చివరి అలుగు దాకా ఆమె పోలేకపోయింది.

"రిపేరు శాంక్షన్ అయ్యేదాకా ఈ చెరువులో చుక్క నీరు నిలవడానికి వీల్లేదు" అంది చివరికి, తూము రాతి మీద కూలబడి.

సుంకన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, మీరు చెప్పినవన్నీ చేసినాం. ఇంకా ఎర్ర బోర్డేనా? మావాడి పెళ్ళి ఆగిపోయింది."

అలిసిన మనిషి. సగం కళ్ళు మూసుకునే చెప్పింది. "పెద్దాయనా, రేపు మీ కట్టను ఇనుముతో పోతపోసినా ఆ బోర్డు ఎర్రగానే ఉంటుంది. ఆ తరగతి కట్ట బలాన్ని బట్టి ఇచ్చేది కాదు. తెగితే కింద ఎంతమంది ప్రాణాలు పోతాయో దాన్ని బట్టి ఇచ్చేది. కట్ట కింద ఊరుంది. అందుకే మొదటి తరగతి."

"కింద ఊరు లేకపోతే?"

"అప్పుడు మూడోది. పచ్చ బోర్డు" అని జీపెక్కి వెళ్ళిపోయింది. పాపం, ఎవరితో మాట్లాడుతున్నానో ఒక్క క్షణం మరిచిపోయింది.

సుంకన్న ఎడమ చెవి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కట్టకు రెండు వైపులున్నాయి. ఈ వైపు ఉంటే పెద్ద ప్రమాదం అని సాక్షాత్తు ఇంజనీరమ్మే చెప్పింది. ఆ వైపు గురించి ఒక్క మాట అనలేదు. అంతే, చెవి వదిలేసి లేచాడు.

"అందరూ చెరువులోకి పదండి" అన్నాడు.

"అది చెరువు గదయ్యా" అంది ఈరమ్మ.

"చెరువంటే నీళ్ళు. నీళ్ళు యాడున్నాయి చూపించు."

ఈరమ్మ చూసింది. నిజమే, చుక్క లేదు. చుక్క నిలవడానికి వీల్లేదని మేడమే చెప్పిపోయింది. ఇంకేముంది, వాసాలు, తలుపులు, కుండలు, కోళ్ళగూళ్ళు, అన్నీ ఎత్తుకుని ఊరు ఊరంతా కట్ట దాటి చెరువు నడిమిన దిగింది. చదును నేల, మెత్తటి ఒండ్రు. గోతులు తీయడం కూడా తేలిక. ఇంత మంచి చోటు వదిలేసి తాతలు కట్ట కింద ఎందుకున్నారో, పాపం తెలివిలేని వాళ్ళని సుంకన్న జాలిపడ్డాడు.

వైశాఖం దగ్గరపడుతుండగా ఆఫీసు నుంచి కట్టల కింద ఇళ్ళు లెక్కపెట్టే బాబు వచ్చాడు. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. తెలివితక్కువతనం మునగలదొడ్డిలోనే పుట్టి అక్కడే ఆగిపోయిందనుకుంటున్నారా? బాబు కట్టెక్కాడు. కట్ట కిందికి చూశాడు. ఖాళీ ఇళ్ళు, మొండి గోడలు, ఒక కుక్క. జనం సున్న అని రాసుకున్నాడు. ఆయన వీపు వెనక పిల్లలు గోల చేస్తున్నారు, కోళ్ళు కూస్తున్నాయి, ఎవరో రోట్లో కారం దంచుతుంటే ఆయనకు తుమ్ములొస్తున్నాయి. వెనక్కి తిరగలేదు. కట్ట కింద చూడమని ఆయనకు పురమాయించారు, కట్ట వెనక చూడమని కాదు. ఎర్ర బోర్డు పీకించి పచ్చ బోర్డు పాతించి, తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

ఊళ్ళో డప్పులు మోగాయి. బండమీదపల్లెకు కబురు వెళ్ళింది. ఆఫీసువాళ్ళే వచ్చి పచ్చ బోర్డు పెట్టారు, ఇంక మాట తప్పొద్దు అవ్వా అని. బసమ్మవ్వ మాట తప్పే మనిషి కాదు. ముహూర్తానికి మనవరాలిని, చుట్టాలను వెంటబెట్టుకుని బయలుదేరింది. పచ్చ బోర్డు చూసి చెయ్యెత్తి దండం పెట్టింది. కట్ట కిందికి చూస్తే ఊరు లేదు.

"ఊరేదప్పా?"

"లోపల" అన్నాడు సుంకన్న, చెరువులోకి చూపిస్తూ. నడిమిన పెళ్ళి పందిరి, మామిడాకుల తోరణాలు, వంటల పొగ.

అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఎర్ర బోర్డుకు భయపడితినప్పా. పచ్చ బోర్డుకు అంతకన్నా భయపడాలని నాకు తెలీకపాయ. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. కానీ తాళి ఈ కట్ట మీదనే కట్టాల. మా పిల్ల కిందికి దిగదు."

"పందిరి అక్కడుండె గదా అవ్వా" అని సుంకన్న అంటుండగానే పడమటి కొండ మీద మబ్బు నల్లగా కమ్మింది. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంక వైపు నుంచి బండ్లు పరుగెత్తినట్టు ఒక మోత. తక్కినవాళ్ళు ఉరుము అనుకున్నారు. ఆ మోత అవ్వ ఎరుగును. చిన్నప్పటినుంచి ఆమె చెవుల్లో ఉన్న మోత అది.

"పైకి రండి. అందరూ కట్టెక్కండి. కుండలొద్దు, చాపలొద్దు, మనుషులు రండి" అని గొంతు చించుకుని అరిచింది.

చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు గదా. ఆ ఒక్కసారి ఆ గుణం వాళ్ళను కాపాడింది. కుండలు వదిలి, చాపలు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని అందరూ కట్టెక్కారు. ఉరుకుందు, మద్దిలేటి మాత్రం ఎక్కలేదు. ఎనుము దగ్గర మంచం వాలుస్తున్నారు. అవ్వ జారుతూ దిగిపోయి ఇద్దరికీ చెరొకటి వడ్డించి, ఎనుము తోక మెలిపెట్టింది. ఎనుము ఒక్క ఉదుటున కట్టెక్కింది. ఆ వెనకే అన్నదమ్ములు ఎక్కారు.

నీళ్ళొచ్చాయి. పందిరి తేలింది. పాయసం గుండిగ తేలుతూ పడవలా తిరిగింది. చూస్తుండగానే నీళ్ళు కట్ట అంచుకొచ్చాయి. అలుగులో కంప కూరి ఉంది, పొర్లే దోవ లేదు. మంచం గుంతల్లోకి నీళ్ళు గుటకలేస్తున్నాయి.

"నీళ్ళకు దోవియ్యండి" అని అరిచింది అవ్వ. "అలుగులో కంప..." అంటోంది ఇంకా.

మొదటి మాట వినగానే సుంకన్న గునపం అందుకున్నాడు. దోవియ్యమంది. దోవకు అడ్డం ఏముంది? కట్ట ఉంది. అంతే, తమ్ముళ్ళతో కలిసి ఆ మంచం గుంతల దగ్గరే తవ్వాడు. తవ్వింది కొంచెమే, మిగతా పని నీళ్ళే చూసుకున్నాయి. కట్ట బండి పట్టేంత వెడల్పున తెగి, నీళ్ళు పాత ఊరి మీద పడ్డాయి. అన్నదమ్ములు గడ్డి పట్టుకుని వేలాడి బతికారు. ఖాళీ ఇళ్ళు, మొండి గోడలు, నున్నటి అరుగులు ఒక్కొక్కటే కూలి కొట్టుకుపోయాయి. కుక్క ముందే ఎటో పోయింది.

మోత తగ్గాక అవ్వ మనవరాలిని పట్టుకుని కట్ట మీదే కూర్చుంది. కింద బురదను చూసింది. "మా ఊళ్ళో కింద మనుషులుండిరి" అంది.

"అందుకే ఇక్కడ లేకుండా చేసినాం గదా అవ్వా" అన్నాడు సుంకన్న, బురద కారుతూ. "పచ్చ బోర్డు అబద్ధమాడలేదు."

అవ్వ ఏడ్చిందో నవ్విందో ఎవరికీ తెలీలేదు. మొత్తానికి ఆ కట్ట మీదే, ఎనుము చూస్తుండగా, రంగముని జయమ్మ మెళ్ళో తాళి కట్టాడు. అక్షింతలు తడిసి ముద్దయితే ఆ ముద్దే విసిరారు.

ఆ తర్వాత ఊరంతా కట్ట మీద గుడారాలేసుకుంది. కొత్త కోడలికి ఇల్లు కట్టాలి. ఈ ఇంటి కోసం పడిన పాటులో పావువంతు ముందే ఆ కట్ట కోసం పడి ఉంటే నాకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. రాళ్ళు మోశారు, మట్టి మోశారు, రాత్రీ పగలూ అనకుండా కట్టారు.

రిపేరు శాంక్షనైన కాగితం పట్టుకుని ఇంజనీరమ్మ వచ్చేసరికి గండి లేదు. గండి ఉండాల్సిన చోట ఇల్లుంది. ఈ కొస నుంచి ఆ కొసకు గోడ, సరిగ్గా పట్టింది. చెరువు వైపు ఒక తలుపు, పొలాల వైపు ఒక తలుపు.

"ఇదేంటి పెద్దాయనా?" అంది ఆమె నీరసంగా.

"కట్ట కింద ఉంటే పెద్ద ప్రమాదం అన్నారు. చెరువులో ఉంటే ఏమాయెనో చూస్తిమి. ఇంక మిగిలింది ఈ నడుమే గదా మేడం" అన్నాడు సుంకన్న. "పైగా తూము ఖర్చు లేదు. పైరుకు నీళ్ళు కావాలంటే రెండు తలుపులూ తీస్తాం. చాలంటే మూస్తాం."

ఇంజనీరమ్మ ఏదో చెప్పబోయి, ఏం చెబితే ఏం చేస్తారోనని భయపడి నోరు మూసుకుంది. పడమటి కొండ మీద ఉరిమింది. సుంకన్న తలెత్తి చూసి, ఇంట్లోకి తొంగి కోడలిని కేకేశాడు.

"జయమ్మా, చెరువు వైపు తలుపుకు గొళ్ళెం పెట్టమ్మా. నీళ్ళొచ్చి తలుపు కొడితే, ఎవరో కనుక్కోకుండా తీయొద్దు."